చెరపని అంకెలు

మన పాత విద్యార్థుల కలయిక సంచికకు రాసేది రెండు పేజీలకు మించవద్దని కమిటీ కబురు. ఆ రెండు పేజీలూ సైన్సు మాస్టారికే చాలవు. నాటకం సంగతీ, కిటికీ అద్దం సంగతీ మన క్లాసు పెద్దజడ ఎలాగూ రాస్తుంది, నాకంటే బాగా రాస్తుంది. నేను నేరుగా తొమ్మిదో తరగతికి, జెండా స్తంభం దగ్గరికి వెళ్ళిపోతాను.

స్తంభం నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు గడియారంలో టైము ఎంతో రాయమన్నారు మాస్టారు. ఎందుకో చెప్పలేదు. నవంబరులో రాసుకున్న టైముకూ జనవరిలో రాసినదానికీ పొంతన లేదు. మనమంతా బడి గంట కొట్టే గంట తాతను అనుమానించాం. పాపం, ఆయన ఆఫీసు గడియారాన్ని రోజూ రేడియో వార్తలతో సరిచూసేవారు. ఇంతలో రబ్బరు (ఆ పేరు వచ్చింది ఆ రోజే కదా!) అన్ని రోజులకూ ఒకే టైము వచ్చేలా పట్టికను శుభ్రంగా దిద్దేశాడు.

మాస్టారు కోప్పడలేదు. కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, చెరిపిన అంకెలను ఒక్కొక్కటిగా వాడి చేతే చదివించారు. "నువ్వు చెరిపింది గడియారం తప్పును కాదురా, భూమి నడకను" అన్నారు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి పూర్తి వలయం కాదనీ, అది ఒరిగి తిరుగుతుందనీ, ఆ రెండు కారణాల వల్ల నవంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి మధ్యకు నడి మధ్యాహ్నం గడియారంలో దాదాపు అరగంట ఆలస్యమవుతుందనీ బోర్డు నిండా బొమ్మలు వేసి చెప్పారు. డ్రిల్లు మాస్టారు గుమ్మంలో నిలబడి, చివరికి ఆయన కూడా లోపలికొచ్చి కూర్చున్నారు.

ఆ సాయంత్రమే జోసెలిన్ బెల్ కథ చెప్పారు. 1967లో కేంబ్రిడ్జిలో ఆ పరిశోధక విద్యార్థిని గజాల కొద్దీ కాగితం మీద రేడియో టెలిస్కోపు గీసిన గీతలు చూస్తూ, ఎక్కడా ఇమడని ఒక చిన్న గజిబిజిని వదిలేయలేదు. అదే మొదటి పల్సార్, అంటే గిరగిరా తిరుగుతూ గడియారంలా క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రం. 1974లో నోబెల్ ఆమె గురువుకు వచ్చింది, ఆమెకు రాలేదు. ఇది చెబుతున్నప్పుడు మాస్టారి గొంతు వణికింది. 2018లో ఆమెకు 30 లక్షల డాలర్ల బ్రేక్‌త్రూ బహుమతి వచ్చినప్పుడు, ఆ మొత్తమంతా భౌతికశాస్త్రంలో అవకాశాలు అందని విద్యార్థులకు ఇచ్చేసినప్పుడు, ఆ వార్త చెప్పడానికి మాస్టారు లేరు.

పదో తరగతి, కాలేజీ, రెండేళ్ళకో ఉద్యోగం, మూడేళ్ళకో ఊరు. అవన్నీ వదిలేస్తాను. ఇప్పుడు నేను చేస్తున్నది కూడా టైము రాసుకోవడమే. పుణె దగ్గర జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల డిష్షులు 30 ఉన్నాయి. వాటితో సెకనుకు వందల సార్లు తిరిగే పల్సార్లను గమనిస్తాం. ప్రతి స్పందన ఎప్పుడు చేరాలో ముందే లెక్కగట్టి, ఎప్పుడు చేరిందో రాసుకుంటాం. భూమి సూర్యుడికి ఏ పక్కన ఉందన్నదాన్ని బట్టే పదహారు నిమిషాల దాకా తేడా వస్తుంది. ముందు దాన్ని తీసేయాలి. అలా అన్నీ తీసేశాక మిగిలే తేడా సెకనులో కోటో వంతు. మేము వెతికేది అక్కడే.

2023 జూన్ 29న భారత, ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా, చైనా బృందాలు ఆ తేడాల్లో గురుత్వ తరంగాల, అంటే స్థలకాలాన్నే సాగదీసి కుదించే అలల, ఆనవాళ్ళు ఉన్నాయని ప్రకటించాయి. ఒక్కో అల ఊగడానికి ఏళ్ళు పడుతుంది. పరస్పరం చుట్టూ తిరిగే మహా కృష్ణబిలాల జంటలే మూలమని బలమైన ఊహ. ఐరోపా వాళ్ళ రికార్డు దాదాపు 25 ఏళ్ళది. నక్షత్రాల మధ్య ఎలక్ట్రానులు సంకేతాన్ని ఎంత ఆలస్యం చేస్తాయో తక్కువ పౌనఃపున్యాల్లో కచ్చితంగా కొలిచింది మనవాళ్ళు. ఆ ఫలితాల పరిశోధన పత్రం మీద పేర్ల వరుసలో నా పేరు ఉంది. ఆవిష్కరణ అని గట్టిగా చెప్పడానికి మా రంగం పెట్టుకున్న హద్దు మాత్రం ఇంకా దాటలేదు. తొందరపడనందుకు నాకు గర్వంగా ఉంది.

2021 ఏప్రిల్‌లో, అందరూ అత్యంత నమ్మకంగా వాడే జె1713+0747 అనే పల్సార్ స్పందన ఆకారం హఠాత్తుగా మారిపోయింది. అలాంటప్పుడు ఎవరికైనా మొదటి అనుమానం పరికరం మీదే. కానీ చైనా, కెనడా టెలిస్కోపులకూ మన జీఎంఆర్‌టీకీ కనబడింది అదే మార్పు. ఆ అంకెలను ఎవరూ చెరపలేదు. తరువాతి నెలల్లో ఆ ఆకారం మెల్లగా పాత రూపు వైపు మళ్ళడం కూడా అందుకే నమోదైంది.

మనం కలిసే రోజున గంట తాత మనవరాలు వస్తోందని కమిటీ చెప్పింది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేస్తోందట. దయచేసి ఆ అమ్మాయిని నా పక్క కుర్చీలో కూర్చోబెట్టండి. చాలా మాట్లాడాలి.