ఏ పందెమూ గెలవని ఇద్దరు

బడి కథల్లో తరచుగా ఒకే మలుపు వస్తుంది. ఆ మలుపు మీద నాకు చాలాకాలంగా కోపం ఉన్నదని ముందే చెప్పుకుంటే, ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో చదువరులకు తెలుస్తుంది. కొత్తగా ఒక కుర్రాడు బడిలో చేరతాడు. వాడి యాసకో, ఒంటిరంగుకో, చొక్కాకో మిగతావాళ్ళు నవ్వుతారు. సగం పుస్తకం దాకా వాడు కుమిలిపోతాడు. ఆ తరువాత పరుగుపందెం వస్తుంది, లేదా చెరువులో మునిగిపోతున్నవాణ్ణి వాడే దూకి ఒడ్డుకు లాగుతాడు, అదీ కాకపోతే పబ్లిక్ పరీక్షల్లో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటాడు. అంతవరకు ఏడిపించినవాళ్ళే అప్పుడు వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఊరేగిస్తారు. పందెం గెలవని పిల్లవాడి సంగతేమిటని ఆ కథలు అడగవు. మా తరగతిలో అటువంటి వాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. మన బడి గ్రంథాలయం గురించి రాయమని ఈ సంచిక సంపాదకవర్గంలోని మిత్రులు అడిగినప్పుడు, ఆ ఇద్దరినీ వదిలిపెట్టి పుస్తకాల బీరువా గురించి మాత్రమే రాయడం నావల్ల కాలేదు.

నేను 1986లో ఎనిమిదో తరగతిలో చేరాను. మాది కనిగిరి అవతల ఒక మెట్టపల్లె. పొదిలి, చీమకుర్తి మీదుగా బస్సులో ఒంగోలు చేరి, హాస్టల్లో ట్రంకుపెట్టె దించిన రోజు వరకు నా పళ్ళు వేరుగా ఉన్నాయన్న ఊహే నాకు లేదు. మా ఊళ్ళో చాలామందికి గారపళ్ళే. ముందరి పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు, అక్కడక్కడ సుద్దముక్క అద్దినట్లు తెల్లని మచ్చలు, అంచుల్లో చిన్న చిన్న గుంటలు. మా నాయనకూ అంతే, మా మేనత్తకూ అంతే. తరగతిలో నా పేరు చెప్పడానికి నోరు తెరవగానే వెనకబల్ల నుంచి "ఏందిరా, తాంబూలం ఏసుకొచ్చినావా?" అన్న మాట వినిపించింది. ఆ పూట నుంచి హాజరుపట్టీలో తప్ప మరెక్కడా నాకు సొంత పేరు మిగలలేదు. ఉదయం నల్లబల్ల మీద "తాంబూలం" అని ఎవరో రాసి ఉంచేవారు. సంచి తెరిస్తే తమలపాకు తొడిమలు కనబడేవి. నేను నవ్వడం మానుకున్నాను. నవ్వక తప్పనప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాణ్ణి. హాస్టల్లో తెల్లవారకముందే లేచి కచ్చిక నలిపి, చిగుళ్ళు నెత్తురు కారేదాకా తోమేవాణ్ణి. చారలు చెక్కుచెదరలేదు.

అవి తోమితే పోవు. ఆ సంగతి సైన్సు మాస్టారు చెప్పేదాకా నాకు తెలియదు. రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు భూగర్భజలంలోకి కరుగుతుందని, పసితనంలో చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడు ఆ నీళ్ళు తాగితే పింగాణీపొర సరిగా గట్టిపడదని, పన్ను బయటికి వచ్చాక ఏ పొడి పెట్టి రుద్దినా ప్రయోజనం లేదని ఆయన బల్ల మీద బొమ్మ గీసి చెప్పారు. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉంటే మేలు, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు సరిపెట్టుకోవచ్చు అన్నది ఇప్పటి భారతీయ ప్రమాణం. కనిగిరి ప్రాంతపు బోర్లలో చాలావాటికి ఆ హద్దు ఎప్పుడూ ఆమడదూరమే. మాస్టారు నా పేరు ఎత్తలేదు, నా వైపు చూడలేదు. అయినా తరగతి మొత్తం తలలు తిప్పి నన్నే చూసింది. కథలో అయితే ఆ పాఠంతో వాళ్ళకు జ్ఞానోదయం కావాలి. మా తరగతిలో మర్నాటికి నా పేరు తాంబూలం పోయి ఫ్లోరైడు అయింది. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు కొంత నయమనిపించింది. తాంబూలం అన్నప్పుడు తప్పు నాదన్నట్లు ఉండేది. ఫ్లోరైడు అంటే తప్పు నీళ్ళది.

రెండోవాడు కొత్తపట్నం వైపు సముద్రపు ఒడ్డు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. వాళ్ళ ఇంట్లో బట్టలు ఆరే దండెం పక్కనే ఎండుచేపలు ఆరేవి కనుక వాడికి "ఎండుచేప" అని పేరు పెట్టారు. వాడు పక్కన కూర్చోగానే ముక్కు మూసుకోవడం తరగతిలో ఒక ఆటగా ఉండేది. మధ్యాహ్నం వాడు గిన్నె మూత తీయకుండా కుళాయి వెనక గోడ దాకా పోయి, అక్కడ ఒక్కడే తినేవాడు. ఒకనాడు నేనూ నా పళ్ళెంతో అక్కడికే పోయాను. వాడు ఓదార్చలేదు, జాలి చూపించలేదు. వేయించిన నెత్తళ్ళు రెండు నా పళ్ళెంలో వేసి, నా నోటి వంక తేరిపార చూసి అడిగాడు:

"మీ ఊళ్ళో అందరి పళ్ళూ ఇట్టాగే ఉంటాయా?"

"చాలామందివి ఇంతే."

"అయితే నేను మీ ఊరొస్తే నాకే పేరు పెడతారు."

చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాను. వాడు చెప్పినట్లే జరిగింది కూడా. సంక్రాంతి సెలవులకు వాణ్ణి మా ఊరు తీసుకుపోతే, అలల గురించి వాడు చెప్పే మాటలు విని మా వాళ్ళు "సముద్రం" అని పేరు పెట్టారు. వాడు దానికి మురిసిపోయాడు. చుట్టంగా వచ్చి నాలుగు పూటలు ఉండేవాడికి పెట్టే పేరు వేరు, మర్నాడు మళ్ళీ అదే బల్ల మీద కూర్చోక తప్పనివాడికి పెట్టే పేరు వేరు. నేను వాళ్ళ ఇంటికి పోయినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంటే వాళ్ళమ్మ, "అన్నం నమిలే పళ్ళేగా నాయనా, అద్దంలో దాచుకునేవి కాదుగా" అని ఇంకో ముద్ద వడ్డించింది. మా స్నేహం పుస్తకాల్లో రాసినంత పవిత్రమైనదేమీ కాదు. కోపం వస్తే వాడూ నన్ను ఫ్లోరైడనేవాడు; నేనూ ఊరుకునేవాణ్ణి కాదు.

ఇక బీరువా సంగతి. లైబ్రరీ పీరియడులో తెలుగు మాస్టారు చందమామ సంచికల బొత్తిని ముందు బల్లకు ఇచ్చి, మిగిలిన సమయంలో తాము చదివిన నవలలను కథగా చెప్పేవారు. ఆ రోజుల్లో దూరదర్శన్‌లో మాల్గుడి కథలు వచ్చేవి, అందుకని ఆర్.కె. నారాయణ్ 1935లో వెలువరించిన, మాల్గుడి కుర్రాడు స్వామి కథను కొన్ని వారాల పాటు చెప్పారు. కొత్తగా వచ్చిన రాజంతో స్నేహం కట్టినందుకు పాత మిత్రులు స్వామిని "తోక" అని ఎగతాళి చేసే ఘట్టం వచ్చినప్పుడు తరగతి పగలబడి నవ్వింది. నల్లబల్ల మీద ఆ మాట రాశారన్న చోట మాత్రం ఆ నవ్వు కాస్త తడబడింది. ఆ కథలో స్వామి ఏ పందెమూ గెలవడు. ముఖ్యమైన క్రికెట్ పోటీకి అసలు రానే రాడు. రాజం కోపగించుకుని మాట్లాడడం మానేస్తాడు. తండ్రికి బదిలీ అయి ఊరు విడిచిపోతుంటే స్వామి స్టేషనుకు పోయి, కదులుతున్న రైలు వెంట పరుగెత్తి ఒక పుస్తకం అందేలా చేస్తాడు. మాస్టారు అంతటితో ఆపేశారు. నాకు తాంబూలం పేరు పెట్టిన కుర్రాడే లేచి, "రాజం తరువాత ఉత్తరం రాశాడా సార్?" అని అడిగాడు. "పుస్తకంలో అంతే రాసి ఉందిరా" అన్నారు మాస్టారు. ఆ కుర్రాడు పీరియడు అయ్యాక కూడా ముఖం ముడుచుకునే ఉన్నాడు. వాడు మారిపోయాడని నేను రాయను, మారలేదు. తొమ్మిదో తరగతి చివర వాళ్ళ నాన్నగారికీ బదిలీ అయింది, వెళ్ళిపోయాడు. శిక్షా పడలేదు, క్షమాపణా చెప్పలేదు.

చాలా ఏళ్ళ తరువాత మా అమ్మాయితో కలిసి జపాన్ రచయిత్రి కురొయనాగి చిన్ననాటి బడి జ్ఞాపకాలను "రైలుబడి" అన్న తెలుగు అనువాదంలో చదివాను. అందులో ఎదుగుదల ఆగిపోయిన తకహాషి అనే పిల్లవాడు బడి ఆటలపోటీల్లో అన్నిటిలోనూ మొదట వస్తాడు. నేను ఆక్షేపించే మలుపే ఇక్కడా ఉందే అని ముందు చిరాకుపడ్డాను. చదువుతూ పోతే తెలిసింది, పొట్టి కాళ్ళూ చేతులూ ఉన్నవాడికే అనువుగా ఉండేటట్లు హెడ్‌మాస్టరు కొబయాషి ఆ ఆటలను ఆలోచించి మరీ పెట్టారని. బట్టతో కుట్టిన పెద్ద చేప లోపల దూరి అవతలికి పాకడం ఒక ఆట. బహుమతులు ముల్లంగి వంటి కూరగాయలు. అక్కడ పిల్లవాడు తన విలువ రుజువు చేసుకోవలసిన అవసరం లేదు. ఆ భారం పెద్దవాళ్ళే మోశారు. బడి కథలు రాసే మన తెలుగు రచయితలు, మీలోనూ కొందరు ఉన్నారు, ఈ ఒక్క ఘట్టాన్ని ఓపికగా చదవాలని నా మనవి.

మా బ్యాచి తరఫున బీరువాకు ఇచ్చే పుస్తకాల్లో ఈ రెండూ ఉన్నాయి. నేను బ్యాంకు ఉద్యోగిగా కాలం గడుపుతున్నాను. కొత్తపట్నం మిత్రుడు పదో తరగతి లెక్కల్లో తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కి, ఇప్పుడు మరబోట్ల ఇంజన్లు బాగుచేస్తున్నాడు. ఈ వ్యాసం పంపేముందు ఫోనులో వాడికి చదివి వినిపించాను. లెక్కల సంగతి తీసెయ్యమన్నాడు. తీయనన్నాను. అట్లయితే కబడ్డీలో కూతకు పోయిన ప్రతిసారీ నువ్వు గీత దాటగానే దొరికిపోయేవాడివని కూడా రాయాల్సిందేనన్నాడు. రాశాను.