స్కానర్ పెట్టడానికి చోటు లేని బండి

నిన్న సాయంత్రం బండి ఇంటికొచ్చింది. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు, కోపం అసలే పోలేదు. చల్లారకముందే రాసేస్తున్నా.

మాది 1984 ప్రీమియర్ పద్మిని. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల కమీషన్ వ్యాపారం చేసే మా నాన్న కొన్నాడు. ఊరంతా కొత్తగా వచ్చిన మారుతి కోసం ఎదురుచూస్తుంటే, "ఆ అగ్గిపెట్టెలో మనుషులెక్కాల్నా, మూటలెక్కాల్నా?" అని దీన్ని తెచ్చాడు. 1089 సీసీ ఇంజిను, స్టీరింగు పక్కన గేరు రాడ్డు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు పాతబస్తీలో టాపు దాకా నీళ్లలో ఉండింది. నాన్న, ఆయన మెకానిక్ భాయి, నేను బురద కడిగి, మూడుసార్లు ఆయిలు మార్చి స్టార్ట్ చేసినాం. మా వీధిలో దీనికంటే కొత్త కార్లు తూకానికి పోయినాయి, ఇది పోలేదు. ఇప్పుడు నాన్న లేడు, భాయీ లేడు.

ఆర్సీ రెన్యువల్‌కు చుక్కలు చూపిస్తారని అందరూ భయపెట్టారు. ఒక్క పూటలో అయిపోయింది. ఇన్సూరెన్సూ అంతే.

అసలు తంటా ఏప్రిల్లో మొదలైంది. పది కిలోమీటర్లు పోయాక బండి ఆగిపోతుంది. అరగంట చల్లారితే మళ్లీ కదులుతుంది. ట్యాంకు నుంచి ఇంజినుకు పెట్రోలు లాగే పంపు మీద తడిగుడ్డ వేస్తే ఐదు నిమిషాలు చాలు. పద్మిని నడిపినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పంపు ఇంజినును అంటుకొనే ఉంటుంది. మన ఎండకు పైపులోనే పెట్రోలు ఆవిరైపోతే పంపు ఏం లాగుతుంది? పైగా ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, పాత బండ్ల రబ్బరుకు అది పడదు. పంపు విప్పి, లోపలుండే రబ్బరు పొర, అదే డయాఫ్రం, మార్చి, పైపుకు వేడి తగలకుండా ఏదైనా చుడితే సరిపోతుందని నా లెక్క.

ఆ లెక్క నా దగ్గరే పెట్టుకొని ఉంటే బాగుండేది. "బావా, ఇంకా చెట్టు కింద మెకానిక్కులేంది, నాకు తెలిసిన షెడ్డుంది" అన్నాడు మా బావమరిది. హైవే పక్కన పెద్ద షెడ్డు, ఏసీ రూము, గోడకు టీవీ. బావమరిది చెప్పిన చోట పిల్ల సంబంధమైనా చూడొచ్చు గానీ బండి ఇవ్వకూడదు.

మొదటిరోజే ఒక పిల్లోడు, కొత్త కార్ల కంప్యూటరుకు తగిలించి లోపం చూసే స్కానర్ చేతిలో పట్టుకొని డ్యాష్‌బోర్డు కింద దూరాడు. చాలాసేపు వెతికి తల బయటపెట్టి, "సార్, పోర్టు యాడుంది?" అన్నాడు. ఈ బండిలో కంప్యూటరే లేదు నాయనా అంటే, నేనేదో దాచిపెట్టినట్టు చూశాడు. పంపు సంగతి ఓనరుకు చెప్పాను. తల ఊపి 15 వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. రసీదు అడిగితే, "మన మధ్య రసీదులేంది సార్" అన్నాడు.

వారం తర్వాత పోతే ఇంజిను హెడ్డు విప్పి బల్ల మీద పెట్టి ఉంది. నన్ను అడగలేదు. "కంప్రెషన్ లేదంకుల్" అన్నాడు ఓనరు. డబ్బులిచ్చేటప్పుడు సార్, ఇచ్చాక అంకుల్. హెడ్డు గ్యాస్కెట్టు బెంగళూరు జేసీ రోడ్డు నుంచి రావాలన్నాడు. అది వచ్చేసరికి నెల దాటింది. అంతసేపూ బండి వేపచెట్టు కింద, బానెట్టు తెరిచే ఉంది. ఒకసారి పోయి చూస్తే వెనక సీట్లో కోడి పొదిగింది. దాన్ని లేపడానికి నాకే మనసొప్పలేదు.

నలభై ఏడో రోజు ఫోనొచ్చింది, రెడీ అని. బావమరిదిని వెంటేసుకొని పోయాను. పిల్లోడు సెల్ఫు కొట్టాడు. ఢాం! సైలెన్సర్ నుంచి నిప్పు, కార్బురేటర్ నుంచి పొగ. పక్కన టీ బంకు దగ్గరున్నవాళ్లు గ్లాసులు పట్టుకొని లేచారు. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఢాం. ఎవడో ఫోను తీసి వీడియో తీస్తున్నాడు. షెడ్డంతా నవ్వులు. ఓనరు నా భుజం మీద చెయ్యేసి, "పెద్దాయనా, దీని టైమైపోయింది. తూకానికేస్తే చెప్పు, మంచి రేటిప్పిస్తా" అన్నాడు. బావమరిది కూడా నవ్వాడు. నా నోట్లోంచి మాట రాలేదు. మిగతా 23,500 లెక్కపెట్టి చేతిలో పెట్టి, ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. పని కాని బండికి డబ్బులెందుకిచ్చానని నా భార్య అడిగింది. అంతమంది ముందు బేరమాడలేక ఇచ్చానని చెప్పడానికి కూడా సిగ్గేసింది.

రాత్రి రెండింటికి మెలకువొచ్చింది. నాన్న బండి పుస్తకం చివరి అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసిపెట్టుకున్న అంకెలు గుర్తొచ్చాయి: 1-3-4-2. నాలుగు సిలిండర్లలో ప్లగ్గులు నిప్పు రాజేసే వరస అది. లేచి పుస్తకం వెతికి చూసుకున్నాను. తెల్లారగానే షెడ్డు తలుపు తీయకముందే అక్కడున్నాను. అనుకున్నంతా అయింది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చే వైర్లను ఒకటి, రెండు, మూడు, నాలుగని ఎక్కాల్లా వరసగా తగిలించారు. మూడు వైర్లు పీకి మార్చాను. సెల్ఫు కొడితే బండి గురగురమంది. నలభై ఏళ్లు నడిపిన నాకు ముందురోజే తట్టాల్సింది, నవ్వుల్లో బుర్ర పనిచేయలేదు. చూసింది వాచ్‌మన్ ఒక్కడే. వీడియో తీసినవాడు ఇంకా రాలేదు.

తాళాలు ఓనరు దగ్గరున్నవి కూడా తీసుకొని బయల్దేరేసరికి సాయంత్రమైంది. విప్పిన పాత సామాన్లు అడిగితే చెత్తలో పోయాయన్నారు. మీరెవరైనా పాత బండి ఇస్తే, తీసిన ప్రతి ముక్కా సంచిలో వేసి వెనక్కివ్వాలని ముందే చెప్పండి. డిక్కీలో ఏమున్నాయో ఫోటో తీసుకోండి. నా పాత ఇనప జాకీ కనపడలేదు, ఎవరినడిగినా "మేం చూళ్లేదు" అనే.

బళ్లారి చౌరస్తా దాటకముందే ఇంజిను దగ్గి ఆగిపోయింది. దిగి పంపు మీద చెయ్యి పెడితే కాలింది. ఆ పంపును ఎవరూ ముట్టుకోనే లేదు, బోల్టుల మీద పాత దుమ్ము అట్లాగే ఉంది. తోపుడుబండి మీద సోడాలమ్మే అబ్బాయిని చెంబెడు నీళ్లడిగి, భుజం మీది తువ్వాలు తడిపి కప్పాను. ఐదు నిమిషాలకు స్టార్టయింది.

38,500 పోయాక కూడా ఆ తువ్వాలే దిక్కు, ఇప్పుడూ పంపు మీదే ఉంది. డయాఫ్రం కోసం జేసీ రోడ్డుకు నేనే పోతాను. పోయేముందు సోమవారం జాకీ కోసం మళ్లీ ఆ షెడ్డుకు పోవాలి, ఈసారి బావమరిది లేకుండా.