రెండెకరాల చెరువు చుట్టూ ఒక చుట్టు: సిగరెట్టు మానిన నా అనుభవం

సిగరెట్టు మానడం నాకు కొత్త కాదు. అంతకుముందు మూడుసార్లు మానాను, మూడుసార్లూ నలభై ఒక్క రోజులే. అయ్యప్ప మాల వేసుకున్న ప్రతిసారీ మండలం పాటు ముట్టుకోలేదు. చివరిసారి 2022 జనవరిలో జ్యోతి చూసుకుని వచ్చి, మా ఊరి గుళ్లో మాల తీయించుకున్నాను. అరగంట తిరిగేసరికి రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఉన్నాను. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో సిగరెట్టు. కొట్టతను అగ్గిపెట్టె ఇచ్చాడో, నేనే తీసుకున్నానో కూడా గుర్తులేదు.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. నికోటిన్ మానేసిన బాధ ఒంట్లో గట్టిగా ఉండేది మొదటి మూడు నాలుగు రోజులు. మూడు నాలుగు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. అంటే నలభై ఒకటో రోజుకి నా ఒళ్లు సిగరెట్టు అడగడం దాదాపు మానేసింది. మరి మాల తీసిన అరగంటకే నన్ను కొట్టు దాకా నడిపించింది ఏమిటి? అది తెలియకపోవడం వల్లే నేను మూడుసార్లు ఓడిపోయాను.

నాది రొయ్యల సాగు. నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్లే వైపు రెండు చెరువులు, పెద్దది రెండెకరాలు. ఈ పనిలో రాత్రి నిద్ర ఉండదు. పగలు నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయ్యేసరికి అదే నాచు రొయ్యతో పాటు ఆక్సిజన్ తీసుకుంటుంది. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు లోపు చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ చూపించే డీఓ మీటర్లో లీటరుకి 3 మిల్లీగ్రాముల కంటే తగ్గిందంటే రొయ్య ఇబ్బంది పడుతున్నట్టే. అందుకని ఆ వేళకి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు అన్నీ తిరుగుతుండాలి, మనిషి మేలుకుని ఉండాలి. మేలుకుని ఉండాలంటే నాకు టీ, టీతో సిగరెట్టు. షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ, దాని పక్కన డబ్బా మూత నిండా పీకలు. రోజుకి ఇరవై దాటేవి, అందులో పది రాత్రివే.

నాన్నది చుట్ట. ఆయన పుట్టింది గోదావరి లంకలో. లంక పుగాకు ఘాటు తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అరవై ఏళ్లు కాల్చారు. 2023 మార్చిలో ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేర్చాం. సీఓపీడీ అన్నారు, పొగకి ఊపిరితిత్తులు దెబ్బతినే జబ్బు. ఇంటికి పంపేటప్పుడు గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ రాశారు, రోజుకి కనీసం పదిహేను గంటలు పెట్టుకోవాలని. డాక్టరు గారు నా వైపు తిరిగి, “ఆ గదిలో అగ్గిపుల్ల గీయకూడదు, మంట అంటుకుంటుంది” అన్నారు. ఆయనకి నా జేబులో పెట్టె కనబడింది.

ఆ రాత్రి చెరువు మీద ఏరియేటర్ వేసి, ఇంటికొచ్చి నాన్న మిషన్ గొట్టం సరిచేసి, బయట అరుగు మీదకి వెళ్లి సిగరెట్టు వెలిగించాను. లోపల మిషన్ చప్పుడు వినబడుతూనే ఉంది. సగంలో ఆర్పేశాను. మానాలని గట్టిగా అనుకున్నది ఆ పూటే. కానీ వెంటనే మానలేదు, అదే మంచిదైంది.

సిగరెట్టు పెట్టె మీద, మానాలనుకునేవాళ్లకి సాయం చేసే ఒక ఫోను నంబరు ఉంటుంది, 1800-11-2356. ఇరవై ఏళ్ల పైగా పెట్టెలు కొన్నాను, ఆ నంబరు అచ్చేసినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను, ఒక్కరోజూ చేయలేదు. చివరికి చేశాను. చేస్తే డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడారు. ఒక అమ్మాయి మాట్లాడింది. “లేచిన ఎంతసేపటికి మొదటిది కాలుస్తారండి?” అని అడిగింది. మంచం దిగకముందే అన్నాను. రక్తంలో నికోటిన్ రెండు గంటలకి సగానికి పడిపోతుందట. ఆరు గంటలు పడుకుని లేచేసరికి ఎనిమిదో వంతే మిగులుతుంది, అందుకే లేవగానే ఒళ్లు అడుగుతుంది. నిద్ర లేచిన అరగంటలోపు కాల్చేవాళ్లకి పట్టు ఎక్కువని, ఒకసారి డాక్టరుని కలవమని చెప్పింది. ఒక తేదీ పెట్టుకోమంది.

నేను మే 1 పెట్టుకున్నాను. ఆ తేదీకి నా లెక్క నాకుంది. కాలవలు కట్టేసే రోజులు, పంట పట్టుబడి అయిపోయి చెరువు ఎండబెట్టే రోజులు. రాత్రి కాపలా అక్కర్లేదు. ఒంటితో తగువు పడే నెల, చెరువుతో తగువు లేని నెలలో పెట్టుకోవాలి అనుకున్నాను. ఈ ఒక్క పని సరిగ్గా చేశాననిపిస్తుంది.

మొదటి రోజు మధ్యాహ్నానికి తలకాయ దిమ్మెక్కింది. రెండో రోజు చెరువు మీద ఉండే కుర్రాడి మీద సున్నం బస్తాల విషయంలో అరిచాను. బస్తాలు ఉన్నాయి, నేనే లెక్క తప్పాను. వాడు “ఆయ్” అని తల వంచుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం వాడి దగ్గరకి వెళ్లి, “మానేశానురా, అందుకే ఈ చిరాకు, ఒక వారం ఓర్చుకో” అని చెప్పాను. ఇంట్లో కూడా చెప్పాను. చెప్పకుండా మానితే ఇంట్లోవాళ్లు మన కోపాన్ని మన బుద్ధి అనుకుంటారు.

మూడో రోజు అన్నిటికంటే కష్టం. మేతల కొట్టు బాకీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే నాలుగు అంకెలు కూడడం చేతకాలేదు. కళ్లు కాగితం మీదే ఉన్నాయి, అంకెలు లోపలికి వెళ్లడం లేదు. అరచేతులు చెమటలు. ఊరికే ఏడుపొచ్చింది. నాన్న పోతారని భయం, పంట పోతుందని భయం, ఎప్పటెప్పటివో కలిసి వచ్చాయి. ఇది నా మనసు కాదు, నికోటిన్ వదిలిపోయేటప్పుడు చేసే పని అని ముందే తెలిసి ఉండబట్టి ఆ రోజు దాటాను. తెలియకపోతే కొట్టు దాకా నడిచేవాణ్ణే.

సిగరెట్టు బదులు నమిలే నికోటిన్ గమ్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది అది పనిచేయదని పారేస్తారు. నాకు డాక్టరు గారు 4 మిల్లీగ్రాములది రాశారు. మొదటి రోజు మామూలు బబుల్ గమ్ నమిలినట్టు గబగబా నమిలేశాను. ఎక్కిళ్లు, గుండెలో మంట. తర్వాత ఫోన్లో ఆ అమ్మాయి పద్ధతి చెప్పింది. మెల్లగా పది పదిహేను సార్లు కొరకాలి. నోట్లో మిరియం తగిలినట్టు ఘాటు రాగానే ఆపేసి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఘాటు పోయాక మళ్లీ కొరకాలి, ఈసారి ఇంకో పక్క పెట్టాలి. అలా అరగంట. నికోటిన్ ఎక్కేది బుగ్గలోంచి, కడుపులోకి మింగితే మంటే తప్ప ఫలితం ఉండదు. ఇంకో మాట, గమ్‌కి ముందు పావుగంట టీ, కాఫీ, నిమ్మరసం తాగకూడదు. నోరు పుల్లబడితే నికోటిన్ లోపలికి ఎక్కదు. నేను టీ తాగి వెంటనే గమ్ వేసుకుని, పనిచేయడం లేదని ఒక రోజంతా దాన్ని తిట్టుకున్నాను.

టీ సంగతి నాకు అసలు తెలియనిది. వారం అయ్యేసరికి నిద్ర పట్టడం లేదు, గుండె దడ. సిగరెట్టు మానితే ఇలా ఉంటుందా అని టెన్షన్ పడ్డాను. డాక్టరు గారు, “రోజుకి ఎన్ని టీలు?” అన్నారు. ఏడెనిమిది అన్నాను. పొగలో ఉండే పదార్థాల వల్ల లివర్ టీలోని కెఫీన్‌ని త్వరగా విరగ్గొడుతుందట. పొగ ఆగిపోగానే ఆ వేగం తగ్గుతుంది, అదే టీ ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. ఏడు టీలు తాగితే పద్నాలుగు తాగినట్టు. మూడుకి తగ్గించాను. నాలుగు రోజుల్లో నిద్ర వచ్చింది. మూడు మాలల్లో నాకు నిద్ర ఎందుకు పట్టలేదో అప్పుడు అర్థమైంది, అప్పుడు అదంతా దీక్ష ప్రభావం అనుకున్నాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మలబద్ధకం పది రోజులు, జామకాయలతో, నీళ్లతో తగ్గింది. నోట్లో పుళ్లు వచ్చి పోయాయి. దగ్గు మొదట్లో పెరిగింది, కఫం పడింది, దాన్ని చూసి భయపడక్కర్లేదన్నారు. ఎండు కొబ్బరి ముక్కలు జేబులో పెట్టుకుని నమిలేవాణ్ణి. ఏడాదికి నాలుగు కేజీలు పెరిగాను. కలలు మాత్రం వింతగా ఉండేవి. అంతర్వేది తీర్థంలో రథం పక్కన నిలబడి సిగరెట్టు కాల్చినట్టు, లేచి నిజంగానే కాల్చానేమోనని వేళ్లు వాసన చూసుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. సిగరెట్టు కోసం ఆ ప్రాణం లాగుడు ఒక్కోసారి వచ్చినప్పుడు ఎంతసేపు ఉంటుందో ఫోన్లో టైము పెట్టి చూశాను. అది మొదలైతే సిగరెట్టు దొరికేదాకా పోదని ఇరవై ఏళ్లుగా నమ్మాను. నాలుగు నిమిషాలు, అయిదు నిమిషాలు. ఒకసారి ఏడు. అంతకు మించి ఉండలేదు. మళ్లీ వస్తుంది, కానీ వచ్చింది పోతుంది. రెండెకరాల చెరువు గట్టు చుట్టూ ఒకసారి నడిస్తే అయిదు నిమిషాలు. షెడ్డు దగ్గర బయల్దేరి, తూము దాటి, కొబ్బరి చెట్ల వరస దాటి, మళ్లీ షెడ్డు దగ్గరకి. లాగుడు వచ్చిందంటే లేచి ఒక చుట్టు. ఆ మే నెలలో నీళ్లు లేని చెరువు, నెర్రెలు విచ్చిన మన్ను, దాని చుట్టూ రోజుకి పది పన్నెండు సార్లు తిరిగాను.

జూన్‌లో నీళ్లు పెట్టి పిల్ల వదిలాం. అప్పటికి నలభై రోజులు. ఒంటి బాధ అంతా పోయింది, గమ్ తగ్గించేశాను. మొదటి రాత్రి మూడింటికి లేచి ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నానో లేదో, కుడి చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. నేను పంపలేదు. మే 3న పడ్డ బాధ కాదు ఇది, తలనొప్పి లేదు, చిరాకు లేదు. కుర్చీ, ఏరియేటర్ చప్పుడు, నీళ్ల వాసన, ఆ వేళ. ఇవే అడుగుతున్నాయి. మాల తీసిన అరగంటలో నన్ను పట్టుకున్నదేమిటో అప్పుడు తెలిసింది. మాలలో ఉన్నప్పుడు జనం “స్వామీ” అనేవారు, ఎవరూ సిగరెట్టు చేతికివ్వరు, ఎదురుగా కాల్చేవాడు కూడా పక్కకి వెళ్తాడు. చన్నీళ్ల స్నానం, పూజ, భిక్ష, రోజు రోజంతా వేరేలా నడుస్తుంది. మాల తీయగానే పాత రోజు పాత రోజులాగే ఎదురొచ్చింది. నేను ఆ రోజుని మార్చలేదు, నలభై ఒక్క రోజులు పక్కన పెట్టానంతే.

ఆ తెల్లారే కుర్చీని ఇంటికి పంపేశాను. షెడ్డులో మంచం వేయించి దాన్ని చెరువు వైపు కాకుండా కొబ్బరి తోట వైపు తిప్పాను. ఫ్లాస్కులో టీ బదులు మజ్జిగ. మూడింటికి డీఓ చూడడం, చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందో లేదో చూడడం కుర్రాడి దగ్గర్నుంచి నేనే తీసుకున్నాను, చేతులు ఖాళీగా ఉండకుండా. టీ కొట్టు అన్నయ్య దగ్గరకి వెళ్లి, “నేనడిగినా ఇవ్వొద్దు” అని చెప్పాను. మాలలో అడక్కుండా దొరికినదాన్ని ఈసారి నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నాను. ఆయన రెండుసార్లు ఇవ్వలేదు. రెండోసారి నాకు కోపం వచ్చి రెండు రోజులు ఆ కొట్టుకి వెళ్లలేదు. ఆయన ఏమీ అనుకోలేదు. ఆ మేలు నేను మర్చిపోను.

2024 సంక్రాంతికి జారిపోయాను. కోడి పందేల బరి దగ్గర మా బావ పెట్టె తీసి నా వైపు చాపాడు, “పండగ పూటేగా బావా” అన్నాడు. ఎనిమిదిన్నర నెలలు ముట్టనివాణ్ణి. తల తిరిగింది, నోరు చేదెక్కింది, అయినా కనుమ వెళ్లేలోపు మూడు కాల్చాను. ముక్కనుమ పొద్దున్నే ఆ నంబరుకి ఫోన్ చేశాను. అంతా అయిపోయిందని చెప్పాను. అటువైపు ఆయన, “ఎక్కడ, ఎవరితో, ఏ టైముకి?” అని మాత్రం అడిగాడు. మూడూ బరి దగ్గరే, మూడూ చీకటి పడ్డాక. ఇంటి దగ్గర, చెరువు దగ్గర ఒక్కటీ లేదు. ఆ రాత్రే మళ్లీ గట్టు మీద తిరిగాను. ఈ ఏడాది సంక్రాంతికి బరికి పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేశాను. బావకి ముందే చెప్పాను. ఆయన పెట్టె బండిలో వదిలేసి వచ్చాడు.

నాన్న ఇప్పుడు ఎక్కువ మాట్లాడలేరు. చుట్ట మానడానికి ఆయనకి ఎవరూ ఒక దారి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మొన్న పక్కన కూర్చుని కాళ్లు పడుతుంటే నా చెయ్యి ముక్కు దగ్గరకి తీసుకుని చూశారు. “ఎన్నాళ్లయిందిరా?” అన్నారు. రెండేళ్లు అన్నాను. చెయ్యి వదల్లేదు.

లాగుడు ఇప్పటికీ పూర్తిగా పోలేదు, నెలకి ఒకసారో రెండుసార్లో. నిన్న రాత్రి మూడున్నరకి వాన వెలిశాక గాలి ఆగిపోయింది, మీటర్లో 3.4 చూపించింది. జేబు తడుముకోలేదు గానీ, మనసు అటు వెళ్లింది. మూడో ఏరియేటర్ వేసి గట్టు మీద నడిచాను. తూము దగ్గర కప్పలు, కొబ్బరి మట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి అయిదు నిమిషాలు. అరగంట తర్వాత మళ్లీ చూస్తే 4.1. కుర్రాణ్ణి లేపి కాపలా అప్పజెప్పి పడుకున్నాను.