శోభనం గదిలో మూడు స్క్రిప్టులు

శోభనం రాత్రి శరీరం సహకరించకపోతే అబ్బాయికి మగతనం లేదనో, అమ్మాయికి ఇష్టం లేదనో తేల్చేయడం మనకు అలవాటు. రెండు తీర్పుల వెనకా ఉన్నది ఒకే ఊహ: కోరిక లోపల్నుంచి పొంగుకొచ్చే శక్తి, తలుపు గడియ వేస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1905లో లైంగికత మీద ప్రచురించిన మూడు వ్యాసాలు ఇలాంటి ఊహకే శాస్త్రం హోదా ఇచ్చాయి.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు జాన్ గాన్యన్, విలియం సైమన్ దీన్ని తలకిందులు చేశారు. ఇద్దరూ 1960లలో ఇండియానాలో లైంగిక ప్రవర్తన పరిశోధకుడు కిన్సీ నెలకొల్పిన సంస్థలో పనిచేసినవాళ్లే. 1973లో వచ్చిన వాళ్ల పుస్తకం సారాంశం ఇది: ఎవరితో, ఎప్పుడు, ఏ వరుసలో, ఎందుకు అన్నది శరీరం చెప్పదు, సమాజంలో నేర్చుకుంటాం. నాటకానికి ముందే రాసిపెట్టుకున్నట్టుండే ఈ నేర్చుకున్న వరుసనే వాళ్లు స్క్రిప్టు అన్నారు. గైనకాలజిస్టు పరీక్ష చేసేటప్పుడూ తాకుతారు, కానీ అక్కడ ఎవరికీ శృంగారం గుర్తుకురాదు. తాకిన చోటు అదే, సందర్భానికున్న స్క్రిప్టు వేరు.

స్క్రిప్టు మూడు అంతస్తుల్లో ఉంటుందన్నారు: సమాజం రాసిపెట్టినది, ఇద్దరి మధ్య నడిచేది, ఎవరికి వారు మనసులో రాసుకున్నది. మన శోభనం గదికి ఇది అతికినట్టు సరిపోతుంది.

మొదటి అంతస్తులో లేనిదేముంది? ముహూర్తం, మల్లెపూలు, పాలగ్లాసు, పక్కగదిలో చుట్టాలు, తెల్లారాక అత్తలూ వదినలూ ఆరా తీసే చూపులు. ఇది అనాదిగా ఇలాగే ఉందనుకోవద్దు. బాల్యవివాహాల కాలంలో పెళ్లికీ పునస్సంధానానికీ, అంటే శోభనానికీ, మధ్య ఏళ్ల ఎడం ఉండేది. ఇప్పుడు పెళ్లి హడావిడితో ఒళ్లు హూనమైన ఇద్దరు మనుషులు వెంటనే ఈ పరీక్షకు కూర్చోవాలి. మూడో అంతస్తులో అబ్బాయి మనసులో స్నేహితుల గొప్పలు, ఫోన్లో చూసిన వీడియోలు, వీర్యం పోతే బలం పోతుందన్న భయం ఉంటాయి. ఈ భయానికి సప్తధాతువుల్లో శుక్రాన్ని చివరిదిగా, రక్తమాంసాల సారంగా చెప్పే సంప్రదాయం ఆసరా. సైకియాట్రిస్టు ఎన్.ఎన్. విగ్ 1960లో ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది దీనికే. అమ్మాయికి ‘నొప్పి పుడుతుంది, ఓర్చుకోవాలి’ అన్న ఒక్క వాక్యం తప్ప ఎవరూ ఏమీ చెప్పి ఉండరు.

ఇక రెండో అంతస్తు, అంటే ఇద్దరి మధ్య స్క్రిప్టు, ఖాళీ. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో అది రాసుకునే వ్యవధే ఉండదు. నా లెక్కలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఆ ఖాళీలో శరీరానికి ఏమవుతుందో అమెరికన్ సెక్స్ పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో వివరించారు. మనిషి అనుభవంలో ఉండకుండా పక్కన నిలబడి తనను తానే పర్యవేక్షిస్తాడు: అవుతోందా, లేదా? ఆ ఆందోళనకు అడ్రినలిన్ పెరిగి, పురుషాంగంలోని మృదుకండరం బిగుస్తుంది, రక్తం నిలవదు. స్త్రీలో భయానికి కటి కండరాలు తమంతట తామే బిగుసుకోవచ్చు. దాన్ని ‘ఒప్పుకోవడం లేదు’ అని చదివి బలవంతం చేస్తే నొప్పి, నొప్పికి ఇంకా భయం.

మందుల షాపుకు పరిగెత్తే ముందు ఒక్కటి గమనించాలి. నిద్రలోనూ తెల్లవారుజామునా అంగం మామూలుగానే గట్టిపడుతుంటే నరాలు, రక్తనాళాలు చాలావరకు బాగున్నట్టే. అప్పుడూ గట్టిపడకపోతే షుగరు, బీపీ, హార్మోన్ల పరీక్షలు ముందు. అంగం గట్టిపడటానికి వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. గుండెకు నైట్రేట్లు వాడేవారికి ప్రాణాపాయం కూడా.

మాస్టర్స్, జాన్సన్ రూపొందించిన స్పర్శ అభ్యాసం రెండో స్క్రిప్టును నిదానంగా రాసుకునే పద్ధతి. మొదట ఇద్దరూ కలయిక వద్దని ఒప్పందం చేసుకోవాలి. వారంలో రెండు మూడుసార్లు, ఒక్కొక్కరూ పదిహేను ఇరవై నిమిషాలు వంతులవారీగా అవతలివారిని తాకాలి. రొమ్ములు, జననాంగాలు మినహాయింపు. వెచ్చదనం, గరుకుదనం, ఒత్తిడి మీదే ధ్యాస. అసౌకర్యంగా ఉంటే అవతలివారు ఆ మాట చెప్పాలి, లేదా చేయి పక్కకు జరపాలి. ఇద్దరికీ బెరుకు పోయాకే తర్వాతి మెట్టులో మినహాయింపులు ఎత్తేస్తారు, కలయిక అన్నింటికన్నా చివర.

ఇది చెడిపోయేది ఎక్కువగా ఒకేచోట. మూడోరోజు గట్టిపడగానే ‘పని చేస్తోంది కదా’ అని ఒప్పందం దాటేస్తారు. మళ్లీ పరీక్ష మొదలు, మళ్లీ పర్యవేక్షణ. మొదటి మెట్టు నుంచి రావాలి. ఉమ్మడి కుటుంబంలో ఇంకో ఇబ్బంది, గడియ వేసుకునే గది దొరకడం. దీనికి ఏ పాశ్చాత్య పుస్తకంలోనూ జవాబు లేదు. పెద్దలతో మాట్లాడి ఏకాంతానికి కొంత సమయం తెచ్చుకోవాల్సిందే.

స్క్రిప్టు సిద్ధాంతం చేతులెత్తేసే చోటు కూడా ఉంది. మగవాళ్ల మీదే ఆకర్షణ ఉన్న అబ్బాయికి సమాజం పుట్టినప్పట్నుంచి ఇచ్చింది ఆడామగా స్క్రిప్టే. అయినా ఆకర్షణ ఆ దారి పట్టలేదు. నేర్చుకున్నదే అంతా అయితే ఇది ఎలా సాధ్యమో గాన్యన్, సైమన్ సంతృప్తిగా చెప్పలేకపోయారనే నా అభిప్రాయం. అలాంటి అబ్బాయికి ఇంట్లోవాళ్లు బలవంతాన పెళ్లి చేసినప్పుడు పై అభ్యాసాన్ని అతని ఆకర్షణను మార్చే ‘మార్పిడి చికిత్స’గా వాడకూడదు. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో ప్రకటించింది. మార్పిడి చికిత్స చేయడం డాక్టరుకు వృత్తిపరమైన తప్పిదమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ ఇంట్లో కౌన్సెలింగు అవసరమైనది ఆ ఇద్దరికీ, దంపతులుగా కాదు, విడివిడిగా.