పాలమూరులో చిన్న జెట్ ఇంజన్ టెస్ట్ షెడ్: మోత తగ్గించడంలో నా అనుభవం

మహబూబ్‌నగర్ పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీ షెడ్‌లో 100 న్యూటన్ల థ్రస్ట్ (తోపుడు బలం) ఇచ్చే బుల్లి టర్బోజెట్‌ను బెంచి మీద నడపాలి. ప్రహరీ అవతల పత్తి చేలు, చేలు దాటితే ఊరు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ (మనిషి చెవికి తగ్గట్టు కొలిచే ఎ స్కేలు) మించకూడదు. ఇంజన్‌కు మూడు మీటర్ల దూరంలో షెడ్ లోపల మోత కొలిచే మీటర్ 115 డెసిబెల్స్ దాకా పోతుంది.

ఇంజన్ తోకకు నేరుగా పెద్ద సైలెన్సర్ బిగిస్తే పోదా అని అడగనివాళ్లు లేరు. బైకుకు చెల్లేది ఇక్కడ చెల్లదు. జెట్ మోతలో ఎక్కువ భాగం గొట్టం లోపల పుట్టదు. సెకనుకు 450 మీటర్ల వేగంతో దూకే వేడి వాయువు బయటి నిలకడ గాలిలో కలిసేచోట, నాజిల్ (వాయువు బయటికి వచ్చే ఇంజన్ చివరి రంధ్రం) దాటాక పుడుతుంది. పైగా నాజిల్‌ను ఇరుకు చేస్తే వెనక ఒత్తిడి పెరిగి టర్బైన్ కాలుతుంది, థ్రస్ట్ రీడింగూ తప్పుతుంది. ఈ మోత శక్తి వేగం ఎనిమిదో ఘాతంతో పెరుగుతుందని బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త లైట్‌హిల్ 1952లో తేల్చాడు. అంటే వేగం సగానికి తగ్గితే 24 డెసిబెల్స్ పోతాయి. అందుకే ముందు గాలి లెక్క, తర్వాతే దూది (మోతను పీల్చే గ్లాస్‌వుల్, రాక్‌వుల్ లాంటి పీచు).

మేం వాడింది ఎజెక్టర్ ట్యూబ్. నాజిల్ వ్యాసం 60 మి.మీ., ట్యూబ్ లోపలి వ్యాసం 200 మి.మీ., పొడవు 1.5 మీటర్లు. నాజిల్‌కూ ట్యూబ్ మూతికీ మధ్య సుమారు 60 మి.మీ. ఖాళీ. మూతి గంటలా విచ్చుకుని ఉండాలి. జెట్ తనతోపాటు చుట్టూ ఉన్న గాలిని లాక్కుని పోతుంది, కలయిక ట్యూబ్ లోపలే జరుగుతుంది. ఇంజన్ నుంచి సెకనుకు 0.23 కిలోల వాయువు 650 డిగ్రీల్లో వస్తోంది. దానికి మూడింతల గాలి 38 డిగ్రీల్లో కలిస్తే మిశ్రమం 190 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. చిక్కల్లా ట్యూబ్ మొదటి భాగంతోనే, అక్కడ గాలి ఇంకా పూర్తిగా కలవదు. మామూలు గ్లాస్‌వుల్‌లోని రెజిన్ 250 డిగ్రీల దగ్గర మాడి పొగ పెడుతుంది, కాబట్టి మొత్తం రాక్‌వుల్ వేయడమే మేలు.

లోపలి గొట్టం స్టెయిన్‌లెస్ చిల్లుల రేకు: 3 మి.మీ. చిల్లులు, 5 మి.మీ. ఎడం, అంటే మూడో వంతు ఖాళీ. దాని మీద గ్లాస్ క్లాత్, ఆపైన 100 మి.మీ. రాక్‌వుల్, బయట 400 మి.మీ. వ్యాసం ఉక్కు గొట్టం. గ్లాస్ క్లాత్ మానేస్తే వాయువు దూదిని పోగుపోగుగా పీకేస్తుంది. రోలింగ్ బాలానగర్‌లో చేయించాం (హైదరాబాద్‌ది, జడ్చర్ల దాటాక వచ్చేది కాదు). రేకును రెండు చివర్లా వెల్డ్ చేయకూడదు. 150 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర మీటర్ల స్టెయిన్‌లెస్ దాదాపు 4 మి.మీ. సాగుతుంది. సాగే చోటు లేకపోతే ఉబ్బి వంకర పోతుంది.

ఈ దూది ఎందుకు చాలిందంటే ఇంజన్ చిన్నది. మోత శిఖరం ఉండే ఫ్రీక్వెన్సీ సుమారుగా 0.2 రెట్లు వేగం, భాగించు నాజిల్ వ్యాసం: ఇక్కడ 1500 హెర్ట్జ్. దాని తరంగంలో పావు పొడవు 6 సెం.మీ. లోపే; దూది బాగా పీల్చాలంటే దాదాపు అంత మందం కావాలి, మాది 10 సెం.మీ. నాజిల్ 60 సెం.మీ. ఉండే విమాన ఇంజన్‌కు అదే లెక్క 150 హెర్ట్జ్, పావు తరంగం అర మీటరు పైనే. యుద్ధవిమానాల టెస్ట్ సెల్స్ (ఇంజన్ నడిపి చూసే గదులు) అంత భారీగా ఉండేది అందుకే.

గాలి లోపలికి రావడానికి దారి ఉందా అన్నది చాలామంది చివర్లో చూస్తారు. ఇంజన్‌కూ ట్యూబ్‌కూ కలిపి సెకనుకు 0.86 ఘనపు మీటర్లు కావాలి. సెకనుకు 4 మీటర్లు మించకుండా రావాలంటే 0.22 చదరపు మీటర్ల ఖాళీ ఉండాలి. 100 మి.మీ. దూది పలకలు, 100 మి.మీ. సందులు పెడితే కిటికీ 0.75 × 0.6 మీటర్లు. ఇంతకన్నా బాగా చిన్నదైతే గదిలో ఒత్తిడి పడిపోయి తలుపు తెరవడమే కష్టం, కొలతలూ నమ్మలేం. కిటికీకి సన్న జాలీ తప్పనిసరి. పత్తి ఏరే నెలల్లో గాలిలో తేలే దూది పింజలు కంప్రెసర్‌లోకి పోతాయి.

థ్రస్ట్ తక్కువొస్తే సైలెన్సర్‌ను తిట్టే ముందు గాలిని చూడాలి. 500 మీటర్ల ఎత్తులో, 38 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.07 కిలోలు; సముద్రమట్టంలో 15 డిగ్రీల దగ్గర 1.225. గాలి పలచబడితే థ్రస్టూ తగ్గుతుంది. వేడి వాయువు తిరిగి ఇన్‌టేక్‌లోకి (ఇంజన్ గాలి పీల్చే చోటుకు) వస్తోందా అన్నదానికి ఇన్‌టేక్ ముందు ఒక థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) చాలు. బయటి ఉష్ణోగ్రత కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపితే నాజిల్, ట్యూబ్ ఒకే సూటిలో లేవనో, మధ్య ఖాళీ ఎక్కువైందనో లెక్క.

గోడలు 230 మి.మీ. ఇటుకవి, వాటితో దిగుల్లేదు. దిగులంతా తలుపుతో. దాని వైశాల్యంలో ఒక్క శాతం సందున్నా 20 డెసిబెల్స్ మించి ఆపలేదు. చుట్టూ రబ్బరు బీడింగ్, కింద షాబాదు బండ గడప.

అన్నిటికన్నా ప్రమాదం స్టార్ట్ విఫలమైనప్పుడు. కాలని కిరోసిన్ ట్యూబ్‌లోకి కారి దూదిలో ఇంకితే తర్వాతి స్టార్ట్‌లో మంట అక్కడే లేస్తుంది. అందుకే ట్యూబ్ అడుగు భాగంలో ఆరో వంతు చుట్టుకొలత మేర చిల్లుల్లేని రేకు వేసి, ట్యూబ్‌ను వెనక్కి కాస్త వాలుగా పెట్టి, చివర డ్రెయిన్ కుళాయి ఇవ్వాలి. స్టార్ట్ విఫలమైన ప్రతిసారీ కుళాయి తెరిచి, ఇంధనం ఆపి స్టార్టర్‌తో ఉత్తగా తిప్పాకే మళ్లీ మొదలు.

దూది తినలేని మోత ఒకటి మిగులుతుంది. ట్యూబ్ తన పొడవుకు తగ్గట్టు 130–140 హెర్ట్జ్ దగ్గర మూలుగుతుంది, పైకప్పు రేకులు దడదడలాడతాయి. ఎ స్కేలు ఆ ఫ్రీక్వెన్సీలో 15–16 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది కాబట్టి మీటర్‌కు అది ఆనదు. ఈ బొంగురు మోతను అంతగా తగ్గించని సి స్కేలులోనూ కొలవాలి, రెండింటి తేడా బాగా ఎక్కువుంటే సమస్య ఇదే. దీనికి ట్యూబ్ నడిమధ్యలో 100 మి.మీ. వ్యాసం, 70 సెం.మీ. పొడవున్న పక్క గొట్టం పెట్టి, చివర ముందుకూ వెనక్కూ జరిగే మూత ఇస్తే సరి. మూలుగు చచ్చేచోట మూతను బిగించాలి. ఆ గొట్టం పైవైపే ఉండాలి, కిందికి పెడితే కిరోసిన్ అందులో నిలుస్తుంది.