బల్ల మీది స్పీకర్లు, వెనుక గోడ

కంప్యూటరులో పాటలు కూర్చుకోవడానికీ, తీరిక వేళ వినడానికీ ఒకే జత స్పీకర్లు చాలాలని పట్టుబట్టి, కోఠిలోని గుజరాతీ గల్లీలో రెండు శనివారాలు తిరిగాను. దుకాణాల్లో వినిపించిన మామూలు స్పీకర్లలో బాస్ గుండెను తాకేంతగా మోగింది గానీ, నేను పట్టుకెళ్లిన కచేరీ రికార్డింగులో మృదంగం ఎడమవైపు మోత తప్ప కుడివైపు పడే వేళ్ల తేడా తెలియలేదు. వినేవారిని మురిపించడానికి కొన్ని ధ్వనులను పెంచి చూపే అటువంటి వాటిని నమ్మి మిక్సింగ్ (గొంతు, వాద్యాల పాళ్లు సరిచూసి కలపడం) చేస్తే, అదే పాట ఫోన్‌లో బోలుగా వినిపిస్తుంది.

చివరకు స్టూడియో మానిటర్లు, అంటే ధ్వనిని ఉన్నదున్నట్టు వినిపించే స్పీకర్లు, ఎంచుకుని, 5 అంగుళాల వూఫరు (బాస్ పలికే భాగం) గల యమహా హెచ్‌ఎస్5 జత తీసుకున్నాను. అది సుమారు 54 హెర్ట్‌జ్ వరకే దిగుతుంది కనుక, అట్టడుగు ధ్వనులను హెడ్‌ఫోన్లలో సరిచూసుకోక తప్పదు. అయినా మా పదడుగుల గదిలో అంతకంటే పెద్ద వూఫరు పెడితే స్పీకర్లకు బదులు గోడలే పాడతాయి.

మొదటి రాత్రి నా తెలివితక్కువతనం బయటపడింది. వెనుక వైపు బాస్ వెలువడే గాలి రంధ్రం ఉన్న ఈ స్పీకర్లను గోడకు ఆనించి పెట్టడంతో బాస్ అంతా ఉబ్బిపోయింది. బల్లను రెండడుగులు ముందుకు లాగి, స్పీకర్ల వెనుక బాస్‌ను అదుపు చేసే రూమ్ కంట్రోల్ మీటను 2 డెసిబెళ్లు తగ్గించి, ట్వీటర్లు (సన్నని ధ్వనులు పలికే భాగాలు) చెవుల ఎత్తుకు వచ్చేలా కింద పాత నిఘంటువులు పేర్చి (వాటికీ ఒక పని దొరికింది), రెండు స్పీకర్లూ నా తలా సమబాహు త్రిభుజమయ్యేలా జరిపాక, తంబూర నాదం సరిగ్గా నడుమ నిలిచింది. మిగిలిన సన్నని గుయ్యిమనే మోత, కంప్యూటరు ధ్వనిని స్పీకర్లకు అందించే ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి, బయటి రొదను అడ్డుకునే బ్యాలెన్స్‌డ్ కేబుల్ వేయగానే ఆగిపోయింది.