వంద మిల్లీ ఫ్లాస్కు కోసం రెండుసార్లు విజయవాడ

మా ల్యాబ్‌లో గ్లూకోజ్ స్టాండర్డ్ (గ్లూకోజ్ ఎంత ఉందో కచ్చితంగా తెలిసిన ద్రావణం) కలిపే 100 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కు (సన్న మెడ మీద ఒకే కొలత గీత ఉండేది) కడుగుతుంటే సింకు అంచుకు తగిలి మెడ విరిగింది. రోగుల పరీక్షలు కిట్లతోనే చేస్తాం. కిట్‌లో వచ్చే స్టాండర్డ్‌ను సరిచూడ్డానికి మాత్రం సొంతంగా ఒకటి కలుపుకుంటాం. 0.2 శాతం బెంజోయిక్ ఆమ్లంలో 100 మిల్లీగ్రాముల గ్లూకోజ్ కరిగించి, గీత దాకా నింపి, రాత్రంతా ఉంచి మర్నాడు వాడతాం.

తెనాలి నుంచి విజయవాడ వెళ్ళాను. మొదటి షాపులో గీతలున్న కోనికల్ ఫ్లాస్కు చేతిలో పెట్టి "ఇదీ వందేనమ్మా" అన్నారు. ఆ గీతలు అందాజుకే. ఐదు శాతం దాకా అటూ ఇటూ ఉంటాయి. ఇంకో చోట సన్న మెడది దొరికింది. దాని మీద 100 అనే అంకె తప్ప, ఎంత కచ్చితమో చెప్పే క్లాసు లేదు, కొలత ఏ వేడి దగ్గరో చెప్పే 20 డిగ్రీలనీ లేదు. పని ఆగిపోతుందని తెచ్చేశాను.

వాడేముందు తూచి చూశాను. పొడి ఫ్లాస్కును కాటా మీద పెట్టి సున్నా చేసి, గదిలోనే గంటసేపు ఉంచిన డిస్టిల్డ్ వాటర్ పోశాను. చివర్లో కళ్ళు గీతకు సరిగ్గా ఎదురుగా వచ్చేలా వంగి, డ్రాపర్‌తో చుక్కచుక్కా వేస్తూ, నీటి వంపు అడుగు గీత మీద ఆనగానే ఆపాను. గీతకు పైన అంటుకున్న తడిని ఫిల్టర్ పేపర్ ముక్కతో అద్దాను. నీళ్ళు 28 డిగ్రీలున్నాయి. ఆ వేడిలో 100 మి.లీ. నీళ్ళు దాదాపు 99.52 గ్రాములు తూగాలి. 98.70 చూపించింది. మూడుసార్లు చేశాను, ఇంచుమించు అంతే.

అంటే 0.8 మి.లీ. తక్కువ. స్టాండర్డ్ ఆ మేరకు చిక్కబడుతుంది. దాన్ని నమ్మి లెక్క కడితే అందరి షుగరూ తగ్గి కనిపిస్తుంది. పరగడుపున 126 నుంచి డయాబెటిస్ కింద లెక్క. సరిగ్గా 126 ఉన్న మనిషికి 125 అని రిపోర్టు ఇస్తాం. ఆ కాగితం చూసుకుని ఊరటగా ఇంటికెళ్ళే మనిషే నా కళ్ళ ముందు మెదిలారు.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి చీటీ రాసుకుని మరీ అడిగాను: బోరోసిలికేట్ 3.3 (వేడికి పెద్దగా వ్యాకోచించని గాజు), క్లాస్ ఎ, తేడా 0.1 మి.లీ. మించకూడదు, బ్యాచ్ సర్టిఫికెట్ ఉండాలి. ధర మూడింతలైంది. కారుతుందేమోనని మూత బిగించి పదిసార్లు తలకిందులు చేసి చూస్తే, మూత దగ్గర పెట్టిన టిష్యూ తడవలేదు. తూకం 99.49.

మొదటిదాన్ని పారేయలేదు. "కొలతకు కాదు" అని మార్కర్‌తో రాసి, కడిగే సబ్బునీళ్ళు కలుపుకోవడానికి పెట్టాను.